బిజీగా ఉన్నానని రాస్తే సరిపోయేది

శనివారం. లేచేసరికి కిటికీ అవతల సన్నగా మంచు పడుతోంది. బట్టలు మెషీన్లో వేసి, బాబుని ఈత క్లాసులో దింపి వచ్చి కంప్యూటర్ తెరిస్తే ఒక చర్చి నుంచి మెయిల్. వెబ్‌సైటు కావాలిట. పోయినేడాది నేను చేసిన ఒక డెంటిస్టు సైటు చూశారట, నచ్చిందట. డెన్వర్ శివార్లలో ఇంట్లో కూచుని ఒక్కదాన్నే పని చేసుకునే నాకు ఇది మంచి బేరమే. పైగా రెండు నెలలుగా పని పల్చగా ఉంది.

జతచేసిన ఫైలు చూశాను. ఆరాధన వేళలు, పిల్లల వేసవి క్యాంపు, విరాళాల ఫారం, దారి మ్యాపు. ఐదో పేజీ వాళ్ళ మిషన్ యాత్రల గురించి. అక్కడ ఒక గోపురం ఫోటో, దాని కింద 'సైతాను చెరలో ఉన్న జనం' అని శీర్షిక. అది ఏ ఊరి గోపురమో తెలీదు గానీ, అలాంటి గోపురాల ముందు గుట్టలో నా చెప్పుల జత వెతుక్కున్న రోజులు బోలెడు. మెయిల్ పంపినవాళ్ళు నా పేరు చూసి కూడా పంపారా, అసలు చూడనే లేదా?

ఒళ్ళు మండిపోయింది. మా ఆయనకి చూపిస్తే టోస్టు నములుతూనే, "బిజీగా ఉన్నానని రాసెయ్, పోతుంది" అన్నాడు.

నిజమే, పోతుంది. కానీ కొలరాడోలో ఉండి, అందులోనూ వెబ్ డిజైనర్నై ఉండి, ఈ మాట అంత తేలిగ్గా రాయలేకపోయాను. తన నమ్మకం ఒప్పుకోదని కస్టమర్ పనిని కాదనొచ్చా అనే ఈ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా రెండుసార్లు వెళ్ళింది ఇక్కణ్ణుంచే.

మొదటిది లేక్‌వుడ్‌లోని మాస్టర్‌పీస్ కేక్‌షాప్. 2012లో ఇద్దరు మగవాళ్ళు తమ పెళ్ళికి కేకు కావాలని వెళ్ళారు. యజమాని జాక్ ఫిలిప్స్, ఇంకేదైనా అమ్ముతాను గానీ ఆ పెళ్ళికి కేకు చెయ్యడం నా మతానికి విరుద్ధం అన్నాడు. కేకు ఎలా ఉండాలి, దాని మీద ఏం రాయాలి అనే దాకా మాటే వెళ్ళలేదు. 2018లో కోర్టు 7-2తో ఆయన పక్షాన తీర్పిచ్చింది గానీ, అందరూ ఎదురుచూసిన ప్రశ్నని దాటేసింది. అంతకుముందు ఆయనది తప్పని తేల్చిన రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయన మతాన్ని చులకనగా చూసింది కాబట్టి దాని నిర్ణయం చెల్లదు అని ఊరుకుంది.

ఆ కేసులోనే చర్చకొచ్చిన ఇంకో సంగతి నన్ను పొద్దున్నుంచీ వదల్లేదు. 2014లో ఒకాయన మూడు బేకరీలకెళ్ళి, బైబిలు ఆకారంలో కేకులు చేసి వాటి మీద స్వలింగ సంబంధాలని ఖండించే వాక్యాలు రాసివ్వమన్నాడు. మూడు చోట్లా కుదరదన్నారు. వాళ్ళది తప్పు కాదని అదే కమిషన్ చెప్పింది. వాళ్ళు వద్దన్నది ఆయన మతాన్ని కాదు, ఆ మాటల్ని అని. ఒక న్యాయం ఆ బేకరీలకీ, ఇంకో న్యాయం ఫిలిప్స్‌కీనా అని ఆయన లాయర్లు పట్టుకున్నారు.

రెండోది 303 క్రియేటివ్ అనే కంపెనీ కేసు, 2023. దాని యజమానురాలు నాలాగే వెబ్ డిజైనరు. పెళ్ళి సైట్లు ఇంకా మొదలుపెట్టకముందే, స్వలింగ జంటలకి చెయ్యమని నన్ను బలవంతపెట్టొద్దు అని కోర్టుకెళ్ళి 6-3తో గెలిచింది. మతస్వేచ్ఛ మీద కాదు, వాక్‌స్వాతంత్ర్యం మీద. ఒకరికి వెబ్‌సైటు చేసిపెట్టడం నీ నోటితో నువ్వు మాట్లాడటం లాంటిది, మాట్లాడి తీరాలని ప్రభుత్వం అనకూడదు అని. (ఆ కేసు కాగితాల్లో ఒక స్వలింగ జంట సైటు అడిగినట్టు ఉంది. పత్రికవాళ్ళు ఆ పేరుగల మనిషికి ఫోన్ చేస్తే, నేనేం అడగలేదు, నాకు ఒకమ్మాయితో ఎప్పుడో పెళ్ళయింది అన్నాడు. తీర్పు దాని మీద ఆధారపడలేదనుకోండి.)

ఆ తీర్పొచ్చిన రోజు నాకు కోపమొచ్చింది. ఇవాళ అదే తీర్పు నా చేతికి గొడుగులా దొరికింది. సిగ్గనిపించింది, కానీ పట్టుకున్నాను.

ఇలాంటి గొడుగు కింద ఎవరెవరు చేరగలరో కూడా తెలుసు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక సౌత్ కరోలినాలో పిగీ పార్క్ అనే రెస్టారెంట్ల యజమాని, నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ కలపడం దేవుడి చిత్తానికి విరుద్ధం, ఈ చట్టం నా మతం మీద దాడి అని వాదించాడు. 1968లో సుప్రీంకోర్టు దాన్ని పసలేని వాదన అని ఒక ఫుట్‌నోటులో తీసిపారేసింది. అక్కడ కాదన్నది మాటని కాదు, మనిషిని. ఆ తేడా ఎవరికైనా కనిపిస్తుంది.

మరి నేను కాదంటున్నది దేన్ని? ఇదే శీర్షిక ఏ నాస్తిక సంఘం పంపినా, పక్కింటాయన పంపినా చెయ్యను. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ పొద్దున్న నాకు అనిపించింది ఆ ఒక్క పేజీ వద్దని కాదు. అసలు వీళ్ళ పనే వద్దని. క్యాంపు పేజీ ఏం పాపం చేసింది? మ్యాపు ఏం చేసింది? మతం చూసి కస్టమర్ని వెనక్కి పంపకూడదని ఈ రాష్ట్ర చట్టంలో స్పష్టంగా ఉంది. బిజీ అని రాస్తే ఆ చట్టం నా జోలికి రాదు, అంతే తేడా. ఫిలిప్స్ తన కారణం మొహం మీదే చెప్పాడు కాబట్టి కేసు అయింది. ఎంతమంది రోజూ బిజీగా ఉంటున్నారో ఎవరు లెక్కపెడతారు?

బాబు పుట్టినప్పుడు ఒక హాలు కోసం ఫోన్ చేశాను. ఆ ఆదివారం ఖాళీ అన్నాడు, అద్దె చెప్పాడు. "ఏం ఫంక్షన్?" అన్నాడు. చెప్పాను. "మతపరమైనదా?" అన్నాడు. అవునన్నాను. ఒక నిమిషం ఆగమని వెళ్ళొచ్చి, సారీ, ఆ తేదీ బుక్ అయిపోయింది అన్నాడు. నిజంగానే అయిపోయిందేమో. తొమ్మిదేళ్ళయింది, ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా ఆ హాలు బోర్డు చూస్తాను, ఇప్పటికీ తేల్చుకోలేదు. వద్దని చెప్పేసుంటే ఒకరోజు తిట్టుకుని మర్చిపోయేదాన్ని.

మధ్యాహ్నం బాబుని తీసుకొచ్చి, బట్టలు మడతపెట్టి, నాలుగుసార్లు చెరిపి రాశాను. సైటు చేస్తాను, ఐదో పేజీ చెయ్యను. ఆ ఫోటోలాంటి గుళ్ళకి వెళ్ళే మనిషిని నేను, అక్కడి జనం గురించి ఆ మాట నా చేత్తో పెట్టలేను. మిగతా పేజీలకి రేటు ఇది, ఇష్టమైతే చెప్పండి. పంపాక గంటసేపు టెన్షన్. ఊళ్ళో వాళ్ళంతా కలిసి నాకు చెడ్డ రివ్యూలు రాస్తున్నట్టు ఊహలు.

రాత్రి తొమ్మిదింటికి జవాబొచ్చింది. మూడే లైన్లు. చెప్పినందుకు థాంక్స్ అట. ఆ పేజీ వాళ్ళ కుర్రాడొకడు చేసుకుంటాడట. మిగతావి సోమవారం మొదలుపెట్టగలరా అని అడిగారు.

సరేనన్నాను. లైటార్పి పడుకున్నాక గుర్తొచ్చింది, పేజీ వాడు చేసినా, మెనూలో దాని పేరూ లింకూ పెట్టాల్సింది నేనే.