ఠాకురాణి జాతరకు నాలుగు పలకల కవచం

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో వేషం కట్టడం చాలా ఇళ్లలో మొక్కుబడితో ముడిపడిన పని. అమ్మవారు దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి వచ్చి ఉన్నన్నాళ్లూ, రాత్రివేళ ఘటాలు వీధులు తిరిగే సమయంలో, పులివేషం మొదలుకొని పురాణ పాత్రల దాకా ఎన్నో వేషాలు కనిపిస్తాయి. వీటిలో యోధుడి వేషం మాత్రం ఎక్కువగా అట్టకు వెండికాగితం అంటించిన సరుకుగానే మిగిలిపోతోంది. అది కట్టుకొన్నవాడు చేతులు పైకెత్తలేడు, అరుగు మీద కూర్చోలేడు. చెమటకు అట్ట మెత్తబడి నడుము దగ్గర విరుగుతుంది. కవచానికి రూపకల్పన పలకలతో కాక, పలకల మధ్య వదలవలసిన ఖాళీలతో మొదలు కావాలని నా అభిప్రాయం. నేను ఇంట్లో చేసుకొన్న కవచం ఆ లెక్కన చేసినదే.

ఐరోపా యోధుల నిండు ఉక్కుకవచం చూపులకు గంభీరంగానే ఉంటుంది. అసలుది 15 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది. ఫోమ్‌తో చేస్తే ఆ బరువు తప్పుతుంది కాని, తల నుంచి పాదం దాకా శరీరాన్ని మూసివేసే దాని స్వభావం మారదు. సముద్రపు ఉక్క నిండిన మన చైత్రమాసంలో అటువంటిది కట్టుకోవడం తెలివైన పని కాదు. అందువల్ల ఇరాన్‌లోనూ మొఘలుల కాలపు భారతదేశంలోనూ వాడుకలో ఉండిన చార్‌ఆయినా పద్ధతిని ఎంచుకొన్నాను. ఇందులో ఛాతీకి ఒకటి, వీపుకు ఒకటి, రెండు పక్కలకు చెరొకటి చొప్పున నాలుగే పలకలు ఉంటాయి. వాటిని పట్టీలతో, బకిళ్లతో గొలుసు అంగీ మీద బిగిస్తారు. భుజాలు, చంకలు, నడుము వంటి కదిలే చోట్లను శరీరంతో పాటు వంగే గొలుసు అల్లికకే వదిలివేసిన ఆనాటి కమ్మరుల ఆలోచన వేషగాడికి కూడా సరిగ్గా సరిపోతుంది.

కొలత టేపుతో తీసిన అంకెలు ఈ పనికి చాలవు. పాత బనియను తొడుక్కొని, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొరను, ఆ పైన అంటుడు టేపును ఒంటికి చుట్టించుకొని, చేతులు ఎత్తి, కూర్చొని, ముందుకు వంగి, ముడతలు పడిన ప్రతిచోటా పెన్నుతో గీత పెట్టించాను. ఆ గీతలే పలకలకు సరిహద్దులు. ఛాతీ పలక కింది అంచు బొడ్డుకు పైనే ఆగిపోవాలి, లేకపోతే కూర్చొన్నప్పుడు పలక గడ్డానికి తగులుతుంది. పక్క పలకల పై అంచును చంక కింద నెలవంకలా తొలచాలి. తరువాత ఆ తొడుగును కత్తిరించి, చదునుగా పరచి, అట్ట మీదికి ఎక్కించుకొంటే మాదిరి సిద్ధమవుతుంది.

పలకలకు 10 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే తేలికైన ప్లాస్టిక్ నురగ పలక), అంచుల పట్టీలకూ నగిషీకీ 3 మిల్లీమీటర్లది వాడాను. ఫోమ్ చూడటానికి మెత్తనిదైనా కట్టర్ పదునును త్వరగా తినేస్తుంది. మొద్దుబారిన బ్లేడు అంచును కోయదు, చింపుతుంది. హీట్ గన్‌తో వేడిచేసి, తొడ మీద ఒత్తి, చల్లారేదాకా పట్టుకొంటే పలక ఆ వంపులోనే నిలిచిపోతుంది, పైగా ఆ వేడికి పైపొరలోని సూక్ష్మరంధ్రాలు మూసుకొని రంగు పీల్చడం తగ్గుతుంది. అతుకులకు చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురే మేలు. దానిని రెండు ముఖాలకూ పూసి, చేతికి అంటనంతగా ఆరిన తరువాతే కలపాలి. కలిసిన తరువాత జరపడానికి వీలుండదు. ఆ జిగురు ఆవిర్లు తలకెక్కుతాయి కనుక ఈ పని అంతా డాబా మీదే సాగింది.

గొలుసు అంగీ దగ్గరే ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది. నాటకాలవారు ఊలుతో అల్లి వెండిరంగు పూస్తారు. మన ఉక్కలో ఊలు మాట ఎత్తకపోవడమే మంచిది. గోపాలపూర్ తీరంలో తెలుగు మాట్లాడే నోలియా జాలరుల దగ్గర దొరికే చిన్న కన్నుల పాత వల దీనికి పనికివస్తుందని తోచింది. రెండు పొరలను కన్నులు కలవకుండా వేస్తే నాలుగడుగుల దూరం నుంచి గొలుసు అల్లికలాగే కనిపిస్తుంది, గాలి మాత్రం ధారాళంగా ఆడుతుంది. అయితే నైలాను దారం మీద పూసిన రంగు వంగినచోటల్లా రాలిపోతుంది కనుక, దారంలోకే రంగు ఎక్కించాలి. పట్టుకు వేసే ఆసిడ్ రంగులు నైలానుకు కూడా పడతాయి. పట్టు నేసే బరంపురంలో ఆ రంగులు తెలిసినవారికి కొదవ లేదు. మా వరస మావయ్య ఒకరు అద్దకం పని చేసేవారు. వల చూసి, "పట్టు మరిగే గంగాళంలో చేపలవల వేయమంటావేంటి అల్లుడూ?" అన్నారు. సబ్బునీళ్లలో బాగా ఉతికి, నీచు వాసన పోయిందని ఆయనే ముక్కు దగ్గర పెట్టుకొని చూసుకొన్న తరువాత, పట్టుకు వాడని పాత గంగాళం ఒకటి వెతికి బూడిదరంగు పట్టించారు. వల కొనేముందు ఒక ముక్కను నీళ్లలో వేసి చూడటం అవసరం. నైలాను మునుగుతుంది, పాలిథీన్ వల తేలుతుంది. తేలేదానికి ఈ రంగు ఎక్కదు.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. నీళ్లు కలిపిన ఫెవికాల్ మూడు నాలుగు పూతలు, దాని మీద నల్లని అక్రిలిక్ రంగు, అది ఆరాక దాదాపు ఆరిపోయిన కుంచెతో ఉబ్బెత్తు భాగాలకు మాత్రమే వెండిరంగు. గుంటలలో నలుపు మిగిలితేనే అది ఇనుమనిపిస్తుంది. అంతటా మెరిస్తే మళ్లీ వెండికాగితమే. అంచులకు, ఉక్కులో బంగారు తీగను పొదిగే కోఫ్త్‌గరీ పనిని తలపించే సన్నని బంగారు తీగలు గీశాను. నడుముకు మాత్రం అసలు సిసలు పట్టు: పాత బరంపురం జోడాలోని (పట్టు పంచె, ఉత్తరీయాల జతలోని) ఉత్తరీయాన్ని కుంభాల అంచు కనిపించేలా కట్టాను. నా కంటికి వేషం మొత్తంలో అదే అందమైన భాగం, దాని తయారీలో నా చెయ్యి ఏమీ లేకపోయినా.

ఇక శిరస్త్రాణం. ఎనిమిది రేకలు కలిపిన గుమ్మటం, ముక్కు మీదికి దిగే పట్టీ, మెడ మీదికి జారే వల, కొనన మేకు. గుంపులో పిల్లల కళ్లు ఉంటాయి కనుక ఆ మేకును వేలితో నొక్కితే వంగిపోయేంత మెత్తటి ఫోమ్‌తో చేశాను. ఈవీఏ ఫోమ్ గాలిని సాగనివ్వదు; అందుచేత లోపల స్పాంజి దిమ్మలు అంటించి, తలకూ గుమ్మటానికీ మధ్య వేలెడు ఎడం ఉంచాను. పలకల వెనుక కూడా నిలువు పట్టీలుగా అటువంటి దిమ్మలే ఉన్నాయి, వాటి కింద పల్చని నూలు చొక్కా. వేషం విప్పాక ఫోమ్‌ను రేకుల కప్పు కింద దాచకూడదు. వేసవి వేడికి వంపులు సడలి, అతుకులు ఊడతాయి. నా కవచాన్ని మంచం కింద, ఛాతీ పలకలో పాత బట్టలు కూరి ఉంచాను. వచ్చేసారి దానిని కట్టుకొనేది మా తమ్ముడు. వాడి ఛాతీ నాకంటె వెడల్పు కనుక, పక్క పలకల పట్టీలకు అదనపు రంధ్రాలు ఇప్పుడే కొట్టించి పెట్టాను.