మెడ లెక్క

"గ్రాఫులు బాగానే ఉన్నాయి. కానీ వీటిలో నాకు మనిషి కనిపించడం లేదు."

మా టీమ్ లీడ్ ఈ మాట అన్నప్పుడు గదిలో అందరూ ఉన్నారు. కొత్తగా చేరిన ఇంటర్న్‌లు కూడా ఉన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు, చిరాకు పడలేదు. చెప్పాల్సింది చెప్పి, తర్వాతి వాళ్లను చూపించమన్నారు. నేను లాప్‌టాప్ మూసి కూర్చున్నాను. ఆ మాట మాత్రం ఇంటిదాకా నాతోనే వచ్చింది.

నేను పనిచేసేది జర్మనీలో, మ్యూనిక్ దగ్గర. రోలర్ కోస్టర్ పట్టా ఎక్కడ ఎంత వంగాలి, ఎంత మెలి తిరగాలి, అప్పుడు బండిలో కూర్చున్నవాళ్ల ఒంటి మీద ఎంత బలం పడుతుంది అని లెక్కగట్టే ఆఫీసు మాది. కొంతకాలంగా నాకు ఇచ్చిన పని, మనిషిని తలకిందులు చేసే కొత్త మెలికలు ఆలోచించడం. వీటిని ఇన్‌వర్షన్లు అంటారు. రావిర్యాల వండర్‌లాలో రీకాయిల్ ఎక్కినవాళ్లకు వీటిలో రెండు రకాలు తెలిసే ఉంటాయి. నిలువు లూప్ ఒకటి, వెంటవెంటనే రెండుసార్లు తలకిందులు చేసే కోబ్రా రోల్ ఒకటి.

ఇందులో కొత్తది అంటే ఏమిటో కాస్త చెప్పాలి. బండి తలకిందులు కావడానికి అసలు దారులు రెండే. ముందుకు పోతూ పైకి వంగి వెనక్కి తిరగడం లూప్. పోతూ పోతూ పక్కకు దొర్లడం రోల్. సగం లూప్ చేసి ఆపైన సగం దొర్లితే ఇమ్మెల్‌మాన్. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన జర్మన్ పైలట్ మాక్స్ ఇమ్మెల్‌మాన్ పేరే దీనికి పెట్టారు. ముందు దొర్లి, తర్వాత కిందికి సగం లూప్ చేస్తే డైవ్ లూప్. విసిరిన రాయి గాలిలో పోయే దారిలోనే బండిని పంపుతూ దొర్లిస్తే జీరో-జీ రోల్, అంటే ఒంటికి బరువు తెలియని దొర్లుడు. ఆ దొర్లడాన్ని తలకిందులుగా ఉన్నప్పుడు ఆపి కొంత దూరం అలాగే తీసుకుపోతే స్టాల్. 2014లో షికాగో దగ్గరి సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికాలో మొదలైన గొలయత్‌లో అలాంటిది ఉంది. మిగతావి దాదాపు అన్నీ లూప్, రోల్ కలయికలే. ఆకారం గీయడం ఒక పూట పని. ఆ దారిలో మెడకు, నడుముకు, కడుపుకు ఏ క్షణాన ఏమవుతుందో తేల్చడానికే నెలలు పడుతుంది.

నేను చూపించింది స్టాల్‌కు ఒక మలుపు కలపడం. మనిషి తలకిందులుగా వేలాడుతుండగానే బండి మెల్లగా పక్కకు తిరుగుతుంది. కింద ఉన్న చెరువు, చెట్లు, జనం అన్నీ నెత్తిమీద చక్రంలా తిరిగినట్టు కనిపిస్తాయి. మామూలు స్టాల్‌లో ఒంటికి బరువు దాదాపు తెలియదు. మలుపు కలిపితే పక్క నుంచి కొంత తోపు వస్తుంది. ఆ తోపు ఎంతో, ఎంతసేపో లెక్కగట్టాను. యూరప్‌లో పాటించే భద్రతా ప్రమాణం ఈఎన్ 13814లోనూ, అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2291లోనూ బలానికీ సమయానికీ కలిపి హద్దులుంటాయి. ఎక్కువసేపు పడే బలానికి అనుమతి తక్కువ. ముందు వరుస, మధ్య వరుస, చివరి వరుస, నిండు బండి, ఖాళీ బండి, అన్నీ హద్దుల లోపలే వచ్చాయి. అది చూసి ఆవిడ అన్న మాట అది.

హైదరాబాద్‌లో నేను ముందు చేసిన ఆఫీసులో అయితే ఇలా జరిగేది కాదు. మా సార్ మీటింగ్‌లో "బాగుంది, చిన్న చిన్న కరెక్షన్లు ఉన్నాయి" అనేవారు. తర్వాత క్యాబిన్‌లోకి పిలిచి, టీ చెప్పి, ఆ చిన్న కరెక్షన్లలో డ్రాయింగ్ మొత్తం తిరగేసేవారు. పని దెబ్బతిన్నా మనిషి పరువు దక్కేది. ఇక్కడివాళ్లు పని వేరు, మనిషి వేరు అంటారు. మీటింగ్ అయిన పది నిమిషాలకే ఆవిడ వచ్చి భోజనానికి వస్తావా అని అడిగారు, ఏమీ జరగనట్టు. ఆవిడకు నిజంగానే ఏమీ జరగలేదు. నాకు జరిగింది. చేసే పనిలో మనిషి సగం ఉంటాడని నమ్మే ఊరు నుంచి వచ్చాను, ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకాదు, నేర్చుకోవాలనీ లేదు. ఆ మాట మీటింగ్ తర్వాత చెప్పొచ్చు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

నాతో గదిలో ఉండే, నేను తమ్ముడు అని పిలిచే పిల్లాడిది మక్తల్. వాళ్ల నాయిన మేస్త్రి వెంట వలసపోయి ఎక్కడెక్కడో డ్యాములకు మట్టి మోసిన మనిషి. రాత్రి వాడికి చెప్తే, "ముఖం మీదనే అన్నది గదన్నా, ఎనక పోయి అనలే. మా నాయినోళ్లను మేస్త్రి ఎట్ల తిట్టేటోడో నీకెర్కేనా?" అన్నాడు. ఆ పోలిక నాకు మింగుడుపడలేదు. మేస్త్రి తిట్లను కొలబద్దగా పెట్టుకుంటే లోకంలో అందరూ మంచివాళ్లే అవుతారు. వాడు నన్ను ఊరడించడానికే అన్నాడని తెలుసు, అందుకే ఊరుకున్నాను.

అసలు నొప్పి నలుగురిలో అన్నందుకు మాత్రమే అయితే రెండు రోజుల్లో పోయేది. మనిషి కనిపించడం లేదని నాతో అనడమే నాకు తట్టుకోలేనిది అయింది.

ఎందుకంటే ఈ పని చరిత్ర అంతా మెడ చరిత్రే. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి పెట్టారు. గుండ్రటి లూప్. మనం ఇంటర్‌లో నిలువు వృత్తం లెక్క చేశాం కదా, కింద వేగం రూట్ 5జీఆర్, పైన రూట్ జీఆర్ అని. అదే లెక్క ప్రకారం, పై నుంచి పడిపోకుండా ఉండేంత వేగంతో పోయినా అడుగున మనిషి మీద తన బరువుకు 6 రెట్లు పడుతుంది. చదునైన పట్టా నుంచి వృత్తంలోకి ఎక్కిన క్షణానే అదంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మెడలు పట్టేశాయని జనం ఫిర్యాదు చేశారు. 1901లో అక్కడే గుండ్రాన్ని కోలగా మార్చి ఇంకొకటి కట్టారు. తర్వాత దశాబ్దాలపాటు తలకిందుల జోలికి పోయినవాళ్లు దాదాపు లేరు. 1975లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో మరలా మెలి తిరుగుతూ తలకిందులు చేసే కార్క్‌స్క్రూ వచ్చింది. 1976లో సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో జర్మన్ రైడ్ల తయారీదారు ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ నిలువు లూప్ కట్టాడు, లెక్కలు ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్‌వి. వాళ్లు వాడింది క్లోథాయిడ్ వంపు. రైల్వే వాళ్లకు ఎప్పటినుంచో తెలిసినదే. వంపు ఒక్కసారిగా మొదలుకాదు, పోయిన దూరంతో పాటు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. అందుకే ఇప్పటి లూప్ పైన ఇరుకుగా, కింద విశాలంగా ఉంటుంది. బలం వస్తుంది గానీ, చెప్పి వస్తుంది.

స్టెంగెల్ పేరుతో ముడిపడిన ఇంకొక సంగతి హార్ట్‌లైన్. పాత కార్క్‌స్క్రూలలో బండి పట్టా చుట్టూ దొర్లేది, తల దూరంగా పెద్ద చుట్టు తిరిగి భుజాల పట్టీకి కొట్టుకునేది. ఇప్పుడు దొర్లే ఇరుసును మనిషి గుండె ఎత్తులో పెట్టి, దానికి తగ్గట్టు పట్టాను అటూ ఇటూ వంచుతాం. పుల్లకు గుచ్చిన రేగుపండు ఉన్నచోటే తిరిగినట్టు మనిషి తిరుగుతాడు. తల విసురు తగ్గుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా గొప్ప ఆవిష్కరణ ఇదే. దీని మీద పోస్టర్లు వేయరు. పోస్టర్లన్నీ లెక్కింపుకే. స్పెయిన్‌లో డ్రాగన్ ఖాన్ 1995లో 8 సార్లు, ఇంగ్లండ్‌లో కొలోసస్ 2002లో 10 సార్లు, అక్కడే స్మైలర్ 2013లో 14 సార్లు తలకిందులు చేశాయి. సంఖ్య పెంచడం ఎవరైనా చేస్తారు, స్థలం, డబ్బు ఉంటే.

ఇక అంకెల్లో మనిషి కనిపించడం సంగతి. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా బోర్ల నీళ్లు దాటాయి. నీళ్లు ఎత్తుకుపోయి పరీక్ష చేసి కాగితం మీద అంకె రాసి ఇచ్చేవాళ్లు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా మా జిల్లా పేరే పెట్టుకుంది. ఆ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయి మా పెద్దనాయిన మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే తల తిప్పడు, మొత్తం మనిషే తిరుగుతాడు. ఆ కాగితం మీది అంకెకూ ఈ మెడకూ మధ్య నాకు ఎప్పుడూ తేడా కనిపించలేదు. పాయింటు తర్వాత ఉన్న ఒక్క అంకె మారితే మా ఇంట్లో ఒక మనిషి ఇంకోలా బతికేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు పక్కబలం గీత గీస్తే అది ఉత్త గీత ఎలా అవుతుంది?

ఈ సంగతి ఆవిడకు చెప్పే సందర్భం అనుకోకుండా వచ్చింది. ఆ వారంలోనే ఆవిడ నన్ను వర్క్‌షాప్‌కు తీసుకెళ్లారు. అక్కడ పట్టీలు పరీక్షించడానికి తిప్పగలిగే సీటు ఒకటి ఉంది. నన్ను కూర్చోబెట్టి తలకిందులు చేశారు. అనుమతి అడిగి, నా తలకు పక్క నుంచి అరచేయి ఆనించి మెల్లగా తోశారు. కూర్చున్నప్పుడు మెడ ఆ తోపును సులభంగా ఆపుతుంది. వేలాడుతున్నప్పుడు తల బరువు మెడను సాగదీస్తూ ఉంటుంది, ఆ కొద్ది తోపే చాలా ఎక్కువగా తెలుస్తుంది. హద్దులోనే ఉంది, కానీ తెలుస్తుంది. ఆవిడ అడుగుతున్నది ఈ తెలియడం గురించి. కిందికి దిగాక పెద్దనాయిన గురించి చెప్పాను. మన దగ్గరైతే అయ్యో అంటారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ముందు పక్కకు తిరగడం పోయిందా, పైకి చూడటం పోయిందా?" అని అడిగారు.

అడిగిన తీరుకు కోపం వచ్చింది. కానీ ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మాలో ఎవరమూ ఆయనను అడగలేదు. జాలిపడ్డాం, డాక్టర్ల దగ్గరికి తిప్పాం, పెన్షన్ కాగితాలు రాయించాం. ఆ మెడలో ఏది ముందు ఆగిందో అడగలేదు.

ఆదివారం ఫోన్ చేసి అడిగితే ఆయన వెంటనే చెప్పాడు. "పైకి సూసుడు పోయింది బిడ్డా ముందుగాల. చింతకాయ దులుపుతుంటే తెల్సింది. కట్టె ఎత్తిన గానీ కొమ్మ కనవడలే." తర్వాత ఆయనే అడిగాడు, "నువ్వు జేసేదాంట్ల నన్ను ఎక్కిచ్చుకుంటరా?" ఎక్కించుకోరు. మెడ, వెన్ను బాగాలేనివాళ్లు ఎక్కొద్దని గేటు దగ్గరే రాసి ఉంటుంది, ఆ బోర్డు అవసరం కూడా. నేను లేదని చెప్తే, "మంచిగైంది, నాకు తలకాయ సక్కగుంటేనే భూమి తిరుగుతది" అని నవ్వాడు. గింత సదువు సదివి మనుషుల్ని తిప్పుడేందని ఆయన ఎప్పుడూ అనే మాటే. ఈసారి నాకు జవాబు చెప్పాలనిపించలేదు, కబుర్లు చెప్పుకున్నాం.

తర్వాత మలుపును ఇంకో రకంగా కట్టాను. తలకిందులుగా ఉన్నప్పుడు తలను మలుపు లోపలి వైపుకు కొద్దిగా వాల్చి, వదిలేసిన వస్తువు పడేదానికన్నా కాస్త ఎక్కువగా పట్టాను కిందికి వంచితే, తోపు పక్క నుంచి రాదు. సీటులో నుంచి వెన్ను వెంట వస్తుంది. మెడకు హాయి. అయితే దీనికి మూల్యం ఉంది. వేలాడే సమయం తగ్గుతుంది, గాలిలో తేలే అనుభవం పోయి తలకిందులుగా సీటుకు మెత్తగా అదిమినట్టు ఉంటుంది. ఆవిడకు ఇదే నచ్చింది. నాకు మొదటిది కూడా నచ్చుతుంది, ఆరోగ్యంగా ఉన్న మెడ ఆ కొద్ది తోపును ఆనందించగలదు. రెండింటినీ ఫైల్లో ఉంచాను, రెండింటికీ ఈసారి గ్రాఫు పక్కన ఒక్కో పేజీ మాటల్లో రాశాను. ఎక్కడ తల బరువెక్కుతుంది, ఎక్కడ కళ్లు ఎటు పోతాయి, ఎక్కడ ఊపిరి ఆగుతుంది. ఆ పేజీలు ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చాను, ఒంటి సంగతులు నాకు వేరే భాషలో అందవు.

మ్యూనిక్‌లో జరిగే అక్టోబర్‌ఫెస్ట్ పండుగకు ఒలింపియా లూపింగ్ అనే కోస్టర్ వస్తే పని వంకతో వెళ్లి కింద నిలబడతాను. 1989లో ష్వార్జ్‌కాఫ్ చేసింది, ఒలింపిక్ వలయాల్లా అయిదు లూపులు. పండుగ అయ్యాక విప్పి లారీల్లో వేసుకుపోతారు. చెరువుగట్టు జాతరలో రంగులరాట్నం కట్టే పిల్లలు గుర్తొస్తారు. వాళ్ల దగ్గర కాగితం లేదు, సంతకం లేదు, ఉండాలి కూడా. కానీ ఏ తొట్టెలో ఎవరిని కూర్చోబెట్టాలో, ముసలమ్మ ఎక్కితే ఎంత మెల్లగా తిప్పాలో వాళ్లు ముఖం చూసి చెప్తారు. ఆ సంగతి ఇక్కడివాళ్లకు చెప్తే ముందు భద్రత గురించే అడుగుతారు. వాళ్లు అడిగేది న్యాయమే, నేను చెప్పేదీ అబద్ధం కాదు.

మా అక్క కొడుకు కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక పుట్టినవాడు. మెడ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, పైగా ఒక చోట ఆగదు. వాడికి ఒలింపియా లూపింగ్ వీడియో చూపించినప్పటి నుంచి ఒకటే పోరు. ఇక్కడ చాలా పెద్ద రైడ్లకు 1.40 మీటర్ల ఎత్తు అడుగుతారు. వాడు ఇంకా నాలుగు వేళ్లు తక్కువ. వచ్చే ఏడాదికి వస్తాడు. పాస్‌పోర్టుకు పెట్టమని అక్కకు చెప్పాను.