మా సూర్య షెమోవిత్ అయిపోతాడట

"నన్నింక షెమోవిత్ అని పిలవండి" అన్నాడు మావాడు, ఇడ్లీ ముక్కని కారప్పొడిలో దొర్లిస్తూ. పోలిష్‌లో 'ఆ'తో ముగిసే పేర్లు దాదాపు అన్నీ ఆడపిల్లలవే. సూర్య అని పిలిచి కొత్త టీచరు ఆడపిల్లల వరస వైపు చూస్తుందట. నామకరణానికి నక్షత్రం చూశాం, అక్షరం చూశాం. వార్సా బడి హాజరుపట్టీ ఎవరు చూశారు?

ఎక్కణ్ణుంచి పట్టావురా అంటే, బడిలో చెప్పిన కథ. పోలండ్‌లోని గ్నెజ్నో అనే ఊళ్లో పోపెల్ ప్రభువు కొడుకుల జుట్టు తీయించే వేడుకకొచ్చిన ఇద్దరు పరదేశుల్ని వాకిట్లోంచే తరిమేస్తారు. పియాస్ట్ అనే పేద రైతు వాళ్లని ఇంట్లోకి పిలుస్తాడు. అతని దగ్గరున్నది చిన్న పీపాడు బీరు, ఒక పందిపిల్ల. పోసినకొద్దీ బీరు ఊరుతూనే ఉంటుంది, మన అక్షయపాత్రలాగా. వాళ్లే పియాస్ట్ కొడుక్కి జుట్టు కత్తిరించి షెమోవిత్ అని పేరు పెడతారు. ఆ పిల్లాడే తర్వాత రాజ్యం ఏలతాడు.

'షెమ్' అంటే కుటుంబం, రష్యన్లు ఇప్పటికీ 'సెమ్యా' అంటారు. 'విత్' అంటే ప్రభువు. ఇంటిపెద్ద అన్నమాట! తర్వాత్తర్వాత జనానికి అందులో నేల అనే అర్థమున్న 'జెమ్యా' వినబడి జెమోవిత్ కూడా పుట్టింది. 13 నుంచి 15వ శతాబ్దం దాకా మా వార్సా ఉన్న మజోవియాని ఏలినవాళ్లలో ఆరుగురు షెమోవిత్‌లు. ఆ తర్వాత చర్చి సాధువుల పేర్లే పెట్టమనడంతో ఇలాంటివి పల్చబడ్డాయి. అందరిలో కలిసిపోవాలని మావాడు ఎంచుకున్నది, క్లాసులో ఒక్క పోలిష్ పిల్లాడికీ లేని పేరు.

"నీకూ తిరుమలలో జుట్టు తీయించాంరా" అన్నాను, పోటీగా.

"అప్పుడే పేరు పెట్టారా?"

"కాదు, ఇరవై ఒకటో రోజున. నానమ్మకి తెలిసిన సిద్ధాంతిగారు చెప్పారు."

"ఆయన నన్ను చూశారా?"

ఫోన్లో చెప్పారని అనలేక చట్నీ వడ్డించాను.

కొత్తగా వచ్చినవాళ్లకి నేనే సలహాలిస్తుంటాను, పేరు దగ్గర పిల్లలకి లొంగకండి, దాని వెనక కథ చెప్పండి అని. సూర్య వెనక కథలకేం, బోలెడు. మావాడి కథ మాత్రం ఆ ఫోన్ కాలే. పైగా కాఫీ షాపులో పేరడిగితే వెంకట సత్యనారాయణ అనలేక 'ఆడమ్' అనేస్తాను, వాడు పక్కన నిలబడి వింటుండగానే. షెమోవిత్ కథని 12వ శతాబ్దం మొదట్లో రాసిపెట్టినవాడూ పరదేశే. గాల్ అనోనిమ్ అంటారు, అంటే పేరు తెలియని గాల్.

ఇప్పుడు షెమోవిత్ అంటేనే పలుకుతున్నాడు. వాళ్లమ్మ పిలిచేస్తోంది. నేను మాత్రం 'ఒరేయ్'తో నెట్టుకొస్తున్నాను.