పో జీవితంలో నిజానిజాలు తేల్చుకున్నాను

అమెరికన్ కవి, కథకుడు ఎడ్గార్ అలన్ పో పేరెత్తితే చాలు, తాగుబోతు, పిచ్చివాడు అంటారు. 'ది రావెన్' చదివినప్పటి నుంచీ నాకా మాటలు మింగుడుపడలేదు. లయ ఎక్కడా తప్పకుండా అంత పొడుగు కవిత అల్లిన మనిషి పొద్దస్తమానం మత్తులో ఉన్నాడంటే ఎలా నమ్మేది? అందుకే ఆయన జీవితాన్ని కాగితాల ఆధారంగా చదువుదామని కూర్చున్నాను.

ముందు మరణవార్త తీశాను. పో 1849 అక్టోబర్ 7న బాల్టిమోర్ ఆసుపత్రిలో, 40 ఏళ్లకే చనిపోయారు. రెండు రోజులకు న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో 'లుడ్విగ్' అనే మారుపేరుతో ఒక వ్యాసం వచ్చింది. ఈ చావుకు ఏడ్చేవాళ్లు కొద్దిమందేనని అందులో ఉంది. రాసింది రూఫస్ గ్రిస్వోల్డ్. ఇతని కవితా సంకలనాన్ని పో అంతకుముందే విమర్శించారు. అలాంటి మనిషి చేతికే పో రచనలు అచ్చువేసే పనీ వెళ్లింది! 1850లో అతను రాసిన జీవితకథే చాలాకాలం చెలామణి అయింది.

తర్వాత ఆర్థర్ హాబ్సన్ క్విన్ 1941లో వేసిన జీవితచరిత్ర పట్టుకున్నాను. లావు పుస్తకం. నోట్‌బుక్‌లో ఒకపక్క గ్రిస్వోల్డ్ మాటలు, ఇంకోపక్క ఉత్తరాలు, తేదీలు రాసుకుంటూ నెమ్మదిగా చదివాను. పో ఉత్తరాల్లో గ్రిస్వోల్డ్ తనను తానే పొగుడుకునే మాటలు దూర్చాడని క్విన్ అసలు ప్రతులతో పోల్చి చూపించారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. పోయినవాడు లేచొచ్చి కాదని చెప్పలేడు కదా.

నన్ను బాగా కదిలించింది 1848 జనవరి 4న పో రాసిన ఉత్తరం. 1842లో భార్య వర్జీనియా పాడుతుండగా రక్తనాళం చిట్లింది. క్షయ. కాస్త కోలుకోవడం, మళ్లీ రక్తం పడటం, ఇలా ఐదేళ్లు నడిచి 1847 జనవరిలో ఆమె కన్నుమూసింది. ఆశకీ నిరాశకీ మధ్య నలిగి మతి తప్పానని, ఆ స్థితిలో ఎంత తాగానో దేవుడికే తెలుసని ఆయనే రాశారు. శత్రువులు మాత్రం తాగుడువల్లే మతి తప్పిందన్నారట. 'ది రావెన్' అచ్చయిన 1845 ఆ ఐదేళ్లలోదే. ఆ తేదీ రాసుకున్నాక కవిత మళ్లీ తీసి చదివాను, అందులో చనిపోయిన ప్రియురాలు లెనోర్ పేరు దగ్గర ముందుకు కదల్లేకపోయాను.

మరణ కారణం మాత్రం తేలలేదు. అక్టోబర్ 3న పోలింగ్ జరుగుతున్న ఒక సారాకొట్టు దగ్గర స్పృహ సరిగా లేని స్థితిలో దొరికారు. ఎన్నికల గూండాల పని అన్నారు, రేబిస్ అన్నారు. దేనికీ రుజువు లేదు. పోను కొత్తగా చదివేవాళ్లు ఆ గొడవలోకి ముందే దిగకండి, ఉత్తరాలతో మొదలుపెట్టండి.