ఐఎస్ఓ ఫైల్‌ని కాపీ చేస్తే సరిపోదు

మొదటిసారి లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుందామని 2 జీబీ ఐఎస్ఓ ఫైల్ దించుకుని, అలాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి రీస్టార్ట్ కొట్టాను. నల్ల తెర మీద బూట్ డివైస్ (కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన డిస్క్) దొరకలేదని ఒక్క ముక్క. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని ఇంకోటి పెట్టి చూశాను. అదే తంతు!

ఐఎస్ఓ అంటే మొత్తం డిస్క్‌కి నకలు. ఫైళ్లే కాదు, అవి ఎక్కడున్నాయో చెప్పే పట్టిక, బూట్ భాగం అన్నీ 2048 బైట్ల సెక్టార్ల (డిస్క్‌ని విడగొట్టిన చిన్న ముక్కల) వరుసలో ఉన్నవి ఉన్నట్టు అందులో ఉంటాయి. పేరు కూడా సీడీల కోసం 1988లో వచ్చిన ఐఎస్ఓ 9660 ప్రమాణం నుంచి వచ్చిందే. ఊరికే కాపీ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైల్ పడి ఉంటుంది, అంతే. కంప్యూటర్ దాన్ని విప్పి చూడదు. ఐఎస్ఓలో ఉన్నదాన్ని రూఫస్ లాంటి టూల్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయాలి. (అది పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. నా ఫొటోలు కొన్ని అలాగే పోయాయి.)

లోపల ఏముందో చూడ్డానికి మాత్రం ఇంత హడావిడి అక్కర్లేదు. విండోస్ 8 నుంచి డబుల్ క్లిక్ చాలు, డీవీడీ డ్రైవ్ లేకపోయినా కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది. పనయ్యాక రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టాలి. నేను అది మర్చిపోయి, ఫైల్ ఎందుకు డిలీట్ అవ్వట్లేదా అని అరగంట తల పట్టుకున్నాను.