గాలి తీయబడును

గుంటూరు నుంచి బెజవాడకి ముప్పై అయిదు కిలోమీటర్లు. "బస్సులో పోదామండీ, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాకు టికెట్టే లేదు" అంది మా ఆవిడ. స్త్రీశక్తి పథకం వచ్చిన దగ్గర్నుంచి ఆవిడకి మా కారంటే చులకనైపోయింది. అమ్మాయికి బెజవాడలో ఉద్యోగం వచ్చింది, ఫ్లాట్ చూడాలి. బిల్డర్ ముందు ఆటో దిగితే ఏం బాగుంటుందని నేనే కారు తీశాను.

వారధి మీద కృష్ణ గాలి తగిలేదాకా ప్రయాణం హాయిగానే సాగింది. బెంజి సర్కిల్లో ఫ్లైఓవర్ ఎక్కకుండా కిందికి తిరిగి పటమట వైపు మళ్లాక అసలు బెజవాడ మొదలైంది. రోడ్డుకి అటూ ఇటూ ఆగిన కార్లు, మధ్యలో మిగిలిన సందులో ఎదురెదురుగా మేం. ఆ ఆగిన కార్లలో సగం అపార్ట్‌మెంట్ల గేట్ల ముందే ఉన్నాయి. లోపల పార్కింగ్ లేకనా? ఉంది. అదెలా ఉంటుందో కాసేపట్లో చూశాం.

బిల్డర్ తాలూకు కుర్రాడు, కొత్తదాని కంటే ముందు, వాళ్లే ఏడెనిమిదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్ చూపించాడు, పనితనం చూసుకోమని. నా కళ్లు మాత్రం స్టిల్ట్ ఫ్లోర్ మీదే, అంటే కార్ల కోసం కింద స్తంభాలతో వదిలిన అంతస్తు మీదే ఆగిపోయాయి. స్తంభాల మీద ఎర్ర పెయింటుతో ఫ్లాట్ నంబర్లు. 203 వారి చోట నవారు మంచం, దాని మీద పాత చీర పరిచి వడియాలు ఎండబెట్టారు. నీడలో ఎండుతాయా అనడిగితే, మధ్యాహ్నం ఇటు ఎండ పడుతుందంది వాచ్‌మన్ భార్య. 104 వారి చోట కవర్ కప్పిన కారు. కవర్ మీది దుమ్ములో ఎవరో పిల్లాడు వేలితో తన పేరు రాసుకున్నాడు. ఇంకో చోట ఇస్త్రీ బల్ల, పక్కన విరిగిన వాషింగ్ మెషీన్. "కార్లు బయటే పెడతారు సార్, లోపలికి తిప్పాలంటే ముందు వాళ్లని లేపాలిగా" అన్నాడు వాచ్‌మన్. సెల్లార్ లేకపోవడమే మేలన్నాడు కూడా. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్లో ఉన్న వాళ్ల తమ్ముడి బండి రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయిందట.

అడుగులతో కొలిచాను. ఒక కారు చోటు సుమారు ఎనిమిది బై పదహారు, అంటే 128 చదరపు అడుగులు. తర్వాత కొత్త ఫ్లాట్లో మా అమ్మాయి చూసి మురిసిన రెండో బెడ్‌రూమ్ పది బై పదకొండు. మనిషి గదికన్నా కారు గది పెద్దది!

"మా అమ్మాయికి స్కూటీ చాలు, పార్కింగ్ వద్దంటే ఎంత తగ్గిస్తారు?" అన్నాను. కుర్రాడు నవ్వాడు. "ప్లాన్లోనే ఉంది సార్. మీరు వద్దన్నా మేం కట్టాల్సిందే." అతను చెప్పింది నిజమే. మన రూల్స్‌లో కట్టుబడి విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కి వదలాల్సిందే. కొనేవాడికి కారుందా లేదా అని ఎవరూ అడగరు. పైగా కొటేషన్లో కార్ పార్కింగ్ అని విడిగా ఒక లైను. స్టిల్ట్ పార్కింగ్‌ని ఫ్లాట్‌లా విడిగా అమ్మకూడదని ముంబై కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది కదయ్యా అన్నాను. "అయితే ఎమినిటీస్ అని రాస్తాం సార్" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

అమెరికాలో, ఆస్టిన్లో ఉన్న మా మేనల్లుడికి ఫొటోలు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "మావయ్యా, మా దగ్గర ఆ రూలే తీసేశారు." 2023 నవంబర్లో అక్కడి సిటీ కౌన్సిల్ ఓటేసి ఎత్తేసిందట. అంతకుముందే బఫెలో 2017లో, మినియాపొలిస్ 2021లో ఆ పని చేశాయి. పార్కింగ్ కట్టొద్దని కాదు, ఎంత కట్టాలో బిల్డర్ ఇష్టం, అమ్ముడుపోతుందనుకుంటే కట్టుకుంటాడు. కారు లేనివాడి అద్దెలో కారున్నవాడి షెడ్డు ఖర్చు కలవదు.

వాడి ఉత్సాహం నాకు సగమే పట్టింది. అక్కడ తీసేశారని ఇక్కడా తీసేస్తే, బిల్డర్ ఆ చోట ఇంకో రెండు ఫ్లాట్లు లేపుతాడు తప్ప ధర తగ్గిస్తాడా? మన చిక్కంతా రోడ్డు ఊరికే దొరకడంలో ఉంది. వీధిలో పెడితే పైసా లేనప్పుడు లోపలి చోటు వడియాలకే పనికొస్తుంది. జపాన్‌లో 1962 నాటి చట్టం ప్రకారం కారు పెట్టుకునే చోటు చూపిస్తేగాని కారు రిజిస్టరు చెయ్యరు. ఇల్లు కట్టేవాణ్ణి కాదు, కారు కొనేవాణ్ణి అడుగుతారు. బెజవాడలో 64 డివిజన్లున్నాయి. మీ ఇంటి ముందు కారు పెడితే నెలకింత కట్టాలి అని ఓట్లడిగే మొనగాడు ఒక్క డివిజన్లో ఉంటాడా? నేనే వెయ్యనేమో వాడికి ఓటు.

మధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో చీర చూడాలంది మా ఆవిడ. గవర్నర్‌పేట సందుల్లో మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టులో ఓ గేటు పక్కన, పక్కనే సుమా, ముందు కాదు, కారు ఇరికించాను. గంటన్నర తర్వాత వస్తే వెనక చక్రం నేలకి కరుచుకుని ఉంది. అప్పుడు కనిపించింది గేటు మీది బోర్డు: "ఇచ్చట వాహనములు నిలిపినచో గాలి తీయబడును." వ్యాకరణంలో తప్పు లేదు. మాట కూడా తప్పలేదు.

సందు చివర పంక్చర్ షాపు. కుర్రాడు పంపు పట్టుకొచ్చి బోర్డు వైపు చూడనైనా లేదు. "ఆ ఇంటి దగ్గరిదేనా సార్? పొద్దున్నుంచి మూడోది" అంటూ వాల్వు మూత వెతుక్కున్నాడు. అదీ లేదు, పట్టుకుపోయారు.

మా ఆవిడ చీర సంచి ఒళ్లో పెట్టుకుని షాపు ముందున్న స్టూలు మీద కూర్చుంది. ఏమీ అనలేదు. బస్టాండు ఇక్కణ్ణుంచి ఎంత దూరం బాబూ అని మాత్రం ఆ కుర్రాణ్ణి అడిగింది.