‘అలక’ అన్న ఒక్క మాట
పదకొండేళ్లుగా అనువాదమే వృత్తిగా ఉన్న నా చేతికి ఏడాదిగా వస్తున్నవి మూలరచనలు కావు, యంత్రం ముందే తెలుగు చేసి పెట్టిన పుటలు. వాటిని దిద్దడమే ఇప్పుడు నా పని. నిన్న ఒక కథలో, భర్తతో మాటలు మానేసి గోడవైపు తిరిగి పడుకున్న భార్యది ‘కోపం’ అని యంత్రం రాసింది. అది తప్పు కాదు, కానీ అక్కడ ఉండవలసింది ‘అలక’. ఒకప్పుడు చదువుతుండగానే నాలుక మీదికి వచ్చే ఆ మాట తట్టడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. యాంత్రీకరణ పెరిగిన చోట మనిషికి పర్యవేక్షణే మిగులుతుందనీ, వాడకం లేక నైపుణ్యం మొద్దుబారుతుందనీ మనస్తత్వవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించారు. పరిశ్రమల నియంత్రణ గదుల గురించి ఆమె రాసినది నాకు నా బల్ల దగ్గరే ఎదురైంది. అందుకే ఈ ఉదయం మొదటి పుటను, యంత్రం చేసినది చూడకుండా, మూలం నుంచి నేనే అనువదించాను.